తొమ్మిది తప్ప అన్నీ

గోదావరి ఒడ్డు పల్లెల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వాన పడి ఆటలు ఆగిపోయిన సాయంత్రాల్లో, ఆఖరి పీరియడులో, పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడానికి చిక్కు ప్రశ్నలు వేసేవాణ్ణి. అవే ప్రశ్నల్ని స్టాఫ్‌రూములో, పెళ్లి విడిదిలో, రైలు ప్రయాణాల్లో పెద్దవాళ్లను కూడా అడిగాను. ఒక రైతు దగ్గర 17 గొర్రెలున్నాయి. తొమ్మిది తప్ప అన్నీ చచ్చిపోయాయి. ఇంకా ఎన్ని ఉన్నాయి? ఆరో తరగతి పిల్లల్లో చాలామంది తొమ్మిదని అరిచేసేవారు. డిగ్రీలు చదివినవాళ్లు ఎనిమిది అనేవారు, లేకపోతే ఇందులో ఏదో మెలిక ఉందంటూ ఆలోచనలో పడేవారు.

మన పొడుపు కథ వేరు, ఈ చిక్కు ప్రశ్న వేరు. చప్పుడు చేయని తలుపులేవని పొడిస్తే కనురెప్పలని పోల్చుకోవడానికి ఊహ కావాలి. చిక్కు ప్రశ్నకు ఊహ అక్కర్లేదు. జవాబు చాలాసార్లు ప్రశ్నలోనే ఉంటుంది, పైకే కనిపిస్తూ ఉంటుంది. మరి అన్నేళ్లు చదివినవాళ్లకు అదెందుకు కనిపించదు? ఈ సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. నాకు అర్థమైనంత మేరకు, అర్థమయ్యేలోపు నేను పోగొట్టుకున్నదానితో సహా, ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా టీచర్లు కాబోతున్న యువతీయువకులు చదవాలని నా కోరిక.

1. ప్రశ్న పూర్తి కాకముందే మన జవాబు సిద్ధమైపోతుంది.

పదిహేడు, తొమ్మిది అనే అంకెలు చెవిన పడగానే మనసులో తీసివేత మొదలవుతుంది. మధ్యలో ఉన్న ‘తప్ప’ను చెవి వింటుంది గానీ మనసు పట్టించుకోదు. పెద్దవాళ్లు వినేది మాటల్ని కాదు, మాటల ఆకారాన్ని. ఈ ఆకారంలో ఉన్న ప్రశ్న ఇంతకుముందు ఎన్నోసార్లు చూశాం కనుక మిగతాది మనమే పూరించేసుకుంటాం.

1981లో ఎరిక్సన్, మాట్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇలాంటి ప్రశ్న ఒకటి వేసి చూశారు. మోషే తన ఓడలోకి ఒక్కో జాతి జంతువుల్ని ఎన్నేసి ఎక్కించుకున్నాడని అడిగితే ఎక్కువమంది రెండేసి అన్నారు. ఓడ కట్టింది మోషే కాదు, నోవహు. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు, తెలిసీ దొరికిపోయారు. ఇది చదివాక మన కథలతో ఒక ప్రశ్న తయారు చేసుకున్నాను: అశోకవనంలో హనుమంతుడు ద్రౌపదికి ఇచ్చిన ఉంగరం ఎవరిది? స్టాఫ్‌రూములో అడిగితే అందరికంటే ముందు జవాబు చెప్పింది మా తెలుగు పండితులే. సుందరకాండ నిత్య పారాయణం చేసే మనిషి. రాముడిదని క్షణంలో అన్నారు. అక్కడున్న వాళ్లెవరికీ తేడా కనిపించలేదు. కాసేపటికి టీ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, “ద్రౌపది అంటున్నారేంటండీ?” అని అడిగాడు.

ద్రౌపది పేరు బదులు ఏ సినిమా నటి పేరో పెట్టి ఉంటే పండితులవారు అక్కడే ఆపేసేవారు. సీతా ద్రౌపదీ ఇద్దరూ పురాణ స్త్రీలే, ఇద్దరూ వనవాసం చేసినవాళ్లే కనుక పేరు దగ్గర మనసు ఆగలేదు. పూర్తిగా తప్పయిన మాట కంటే సుమారుగా సరిపోయే మాటే మనల్ని ఎక్కువగా మోసగిస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మీద, బ్యాంకులో అప్పు కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు కూడా మనం ఇలాగే చదువుతాం. తెలిసిన ఆకారం కనబడగానే కలం తీస్తాం.

2. అలవాటైన దారి కళ్లకు గంతలు కడుతుంది.

1942లో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన నీళ్ల పాత్రల లెక్కలు ప్రతి లెక్కల టీచరూ ఒకసారి చేసి చూడాలి. మూడు పాత్రలుంటాయి. ఒకదాంట్లో 21, రెండోదాంట్లో 127, మూడోదాంట్లో 3 కొలతల నీళ్లు పడతాయి. సరిగ్గా 100 కొలతల నీళ్లు కావాలి. పెద్ద పాత్ర నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే వంద మిగులుతుంది. ఇదే పద్ధతికి లొంగే లెక్కలు వరసగా కొన్ని ఇచ్చి, ఆ తర్వాత 23, 49, 3 పాత్రలిచ్చి 20 తెమ్మంటారు. పాత పద్ధతికి ఇదీ లొంగుతుంది: 49లోంచి 23, రెండు మూళ్లు తీస్తే 20. కానీ 23లోంచి ఒక్క 3 తీసేస్తే చాలు కదా! ముందు లెక్కలు చేయనివాళ్లు ఆ దగ్గరి దారినే పోయారు. చేసినవాళ్లలో ఎక్కువమంది చుట్టుదారినే పట్టుకున్నారు. ఆ తర్వాత 28, 76, 3 పాత్రలతో 25 తెమ్మన్నప్పుడు పాత పద్ధతి అసలు పనిచేయదు. 28లోంచి 3 తీస్తే వచ్చేదాన్ని పట్టుకోలేక చాలామంది చేతులెత్తేశారు.

ఈ లెక్కలు నేను పదో తరగతికి ఇచ్చి చూశాను. చుట్టుదారిలో అందరికంటే దూరం పోయింది క్లాసు ఫస్టు వచ్చే పిల్లలే. మధ్యస్థంగా చదివే కుర్రాడొకడు బెంచీ మీంచి లేచి, “ఇరవై మూడులోంచి మూడు పోతే ఇరవయ్యే కదండీ” అన్నాడు. అంతకుముందు లెక్కలు వాడు చేయలేదు.

ఆ ఫస్టు పిల్లల్ని అలా తయారు చేసింది నేనే. పబ్లిక్ పరీక్షకు ముందు మోడల్ లెక్కలని పేరు పెట్టి ఒక్కొక్క రకానివి పదేసి చేయించేవాణ్ణి. కొత్త లెక్క ఇస్తే పిల్లలు మొదట అడిగే ప్రశ్న “ఇది ఏ మోడల్ సార్?” అని. మోడల్ చెబితే చకచకా చేసేసేవారు. ఆ ప్రశ్న విని నేను సంతోషించేవాణ్ణి, పాఠం బాగా ఎక్కిందనుకుని. లెక్క ఏమడుగుతోందని ఎవరూ అడగడం లేదన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. లూచిన్స్ ఒక పని చేశాడు. కొందరి చేత అసలు లెక్కకు ముందు కాగితం మీద ‘గుడ్డిగా పోవద్దు’ అని రాయించాడు. ఆ ఒక్క ముక్క రాసినందుకే కొందరు తేరుకుని దగ్గరి దారి చూశారు. అన్నేళ్ల బోధనలో నేనలా ఒక్కసారీ రాయించలేదు.

3. ప్రతి ప్రశ్నకూ జవాబుంటుందని నేర్పేది మన బడే.

లాంచీలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. సరంగు వయసెంత? 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో గణిత బోధన పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లల్ని ఇలాంటి ప్రశ్నే అడిగారు. అక్కడ లాంచీకి బదులు ఓడ, సరంగుకు బదులు కెప్టెన్. 97 మంది పిల్లల్లో 76 మంది ఆ అంకెల్ని ఏదో విధంగా కలిపి జవాబు తేల్చారు. కూడినవాళ్లకు కెప్టెన్ వయసు 36. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ 1841లోనే తన చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఇలాంటి ఓడ లెక్క ఒకటి సరదాకి వేశాడు. సరదాకి వేసిన ప్రశ్నను నూట నలభై ఏళ్ల తర్వాత బడి పిల్లలు నిజంగానే కూర్చుని చేశారు.

బడికి పోని పిల్లాణ్ణి అడగండి. “నాకేం తెలుసు? వెళ్లి ఆయన్నే అడుగు” అంటాడు. బడిలో రెండేళ్లు కూర్చున్న పిల్లవాడు కూడిక చేస్తాడు. వాడి తెలివి తగ్గలేదు. ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, జవాబు తప్పకుండా ఉంటుంది, తెలియదనడం నేరం. ఈ మూడు సూత్రాలూ ఎవరూ నోటితో చెప్పకుండానే వాడికి ఒంటబట్టాయి. మనం పెద్దయ్యాక చిక్కు ప్రశ్న దగ్గర బోల్తా పడటానికి అసలు బీజం ఇక్కడే పడిందని నా నమ్మకం.

నా చేతిలో జరిగినదొకటి చెప్పాలి. ఒక త్రైమాసిక పరీక్షలో గోడలకు సున్నం వేసే లెక్క ఇచ్చాను. సైక్లోస్టైల్ చేసిన ప్రశ్నపత్రంలో గది వెడల్పు, ఎత్తు, చదరపు మీటరుకు కూలి ఎంతో పడ్డాయి. పొడవు పడలేదు. నేనూ గమనించలేదు. జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చుంటే కొందరు వెడల్పునే పొడవనుకుని చేశారు, కొందరు ఉన్న మూడంకెల్నీ గుణించేశారు. ఒకమ్మాయి మాత్రం ‘గది పొడవు ఇవ్వలేదు. ఈ లెక్క చేయలేము’ అని ఒక్క వాక్యం రాసి తర్వాతి ప్రశ్నకు పోయింది. స్టెప్పులు వేసినవాళ్లందరికీ ఎంతో కొంత మార్కులు వేశాను. ఆమెకు సున్న వేసి, పక్కన ‘ప్రయత్నించలేదు’ అని ఎర్ర సిరాతో రాశాను.

పేపర్లు పంచిన రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. ప్రశ్నపత్రం మడత విప్పి, వేలు పెట్టి చూపిస్తూ, “పొడవెంతండీ సార్?” అని అడిగింది. ఎదురు ప్రశ్నలు వేయడం కాదు, అడిగినదానికి జవాబు రాయడం నేర్చుకోమన్నాను. ఆమె కాగితం మడిచి తీసుకుని వెళ్లి కూర్చుంది. తప్పు నాదేనని అప్పుడే తెలుసు. క్లాసు ముందు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి పదో తరగతి దాటేవరకు నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. ఇచ్చిన ప్రతి లెక్కకూ ఏదో ఒక జవాబు రాసేది. గ్రెనోబుల్ సంగతి చదివింది చాలా ఏళ్ల తర్వాత, ఒక రాత్రి. ఆ 76 మందిలో ఒకరిని నేను నా చేతులారా తయారు చేశానని ఆ రాత్రి అర్థమైంది. క్షమించమని చెప్పుకోవడానికి ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలియదు.

4. అడిగినవారి మీది గౌరవమే మనల్ని లోతుల్లోకి తోస్తుంది.

పెద్దలు అతిగా ఆలోచించడానికి కారణం అహంకారమని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో ప్రచురించిన ఒక వ్యాసంలో మాటలాడుకోవడం ఎలా సాగుతుందో వివరించాడు. ఎదుటివాడు అవసరమైనదే చెబుతాడని, అనవసరమైనది ఇరికించడని, నిజమే చెబుతాడని నమ్మి మనం వింటాం. ఆ నమ్మకం లేకపోతే బజారులో బేరం కూడా కుదరదు. చిక్కు ప్రశ్న వేసేవాడు ఈ నమ్మకాన్నే వాడుకుంటాడు. ఇంత పెద్దమనిషి ఇంత తేలికైనది అడుగుతాడా అని మనం అనుకోవడం మర్యాద వల్లే.

ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి మా టీచర్లందర్నీ వరసగా నిలబెట్టి, ఏడాదిలో 28 రోజులుండే నెలలెన్ని అని అడిగారు. ఒకరు ఫిబ్రవరి ఒక్కటేనన్నారు. ఇంకొకరు లీపు సంవత్సరం సంగతి ఎత్తారు. నేను గ్రెగోరియన్ కేలెండరు సంస్కరణ దాకా వెళ్లాను. పన్నెండు నెలల్లోనూ 28 రోజులుంటాయని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అదే ప్రశ్న మా ఇంటి పిల్లలు అడిగి ఉంటే వెంటనే చెప్పేవాళ్లం. ప్రశ్న మారలేదు, అడిగిన మనిషి మారాడు.

తెనాలి రామకృష్ణుడి కథల్లో అందరికీ తెలిసినదొకటుంది. దేశాల మీద గెలుస్తూ వచ్చిన మహాపండితుడొకాయన రాయల సభకు వస్తాడు. ఆయనతో వాదానికి రామకృష్ణుడు పట్టుబట్ట చుట్టిన పెద్ద గ్రంథం ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, అది ‘తిలకాష్ఠ మహిషబంధనం’ అని, దాని మీదే చర్చిద్దామని అంటాడు. పండితుడు చదవని శాస్త్రం లేదు. ఈ పేరు మాత్రం ఎక్కడా విన్న గుర్తు లేదు. గడువు అడిగి రాత్రికి రాత్రే ఊరు విడిచి వెళ్లిపోతాడు. పట్టుబట్ట విప్పి చూస్తే నువ్వుల కట్టెలు, వాటిని కట్టిన గేదె పలుపు తాడు. చిన్నప్పుడు ఈ కథ విని రామకృష్ణుడి తెలివికి నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ పండితుడి గురించే ఎక్కువగా ఆలోచిస్తాను. సంస్కృతం కొద్దిగా వచ్చిన విద్యార్థి కూడా ఆ మాటల అర్థం చెప్పగలడు. ఆయనకూ వచ్చు. కాని పట్టుబట్టలో, రాయల సభలో, ఒక కవి చేతిలో ఉన్న గ్రంథం పేరుకు పశువుల పాకలో దొరికే అర్థం ఉంటుందని ఆయన మనసు ఒప్పుకోలేదు.

5. పిల్లలకు మనకంటే తెలివి ఎక్కువ కాదు, బరువు తక్కువ.

పెళ్లి విడిదిలో చిక్కు ప్రశ్న వేస్తే పిల్లలు వరసగా నాలుగు తప్పు జవాబులు చెప్పి ఐదోది ఒప్పు చెబుతారు. తప్పు చెప్పినందుకు వాళ్లకేమీ పోదు. పెద్దవాళ్లు మొదటి జవాబే ఒప్పు కావాలనుకుంటారు. వియ్యంకుడు వింటున్నాడు, అల్లుడు చూస్తున్నాడు. అందుకని నోరు మెదపరు, లేదా జవాబుకు ముందు నాలుగు షరతులు పెడతారు. ఇది తెలిసిన సంగతే, ఎక్కువ చెప్పనక్కర్లేదు.

తక్కువమందికి తెలిసిన కారణం ఇంకొకటుంది. జర్మన్ మనస్తత్వవేత్త కార్ల్ డుంకర్ పరిశోధన ఒకటి ఆయన పోయాక, 1945లో ఇంగ్లీషులో వెలువడింది. బల్ల మీద కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఒక అట్టపెట్టె నిండా గుచ్చే పిన్నులు ఉంటాయి. కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలి. పిన్నులు పారబోసి, ఖాళీ పెట్టెను గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి పెట్టడమే ఉపాయం. పిన్నుల్ని పెట్టెలోంచి తీసి పక్కన పోసి ఇస్తే ఎక్కువమందికి తడుతుంది. పెట్టెలోనే ఉంచి ఇస్తే తట్టదు. పిన్నులున్నంతసేపూ అది పిన్నుల పెట్టె, మరొకటి కాదు. 2000 సంవత్సరంలో జర్మన్, డిఫైటర్ అనే పరిశోధకులు ఇదే తరహా పరీక్ష పిల్లలకు పెట్టారు. పెట్టెలో వస్తువులు ఉంచి చూపిస్తే ఆరేడేళ్ల పిల్లలు తడబడ్డారు, ఐదేళ్లవాళ్లు తడబడలేదు. పెట్టె దేనికోసమో వాళ్లకు ఇంకా అంతగా స్థిరపడలేదన్నమాట. ఏ వస్తువు దేనికో నేర్చుకోకుండా పెరగలేం. నేర్చుకున్నదానికి ఇలా కొంత చెల్లించక తప్పదు.

6. తొందరపాటూ అతి ఆలోచనా తోబుట్టువులు.

తేలిక ప్రశ్నకు తేలిక జవాబే చెప్పమని నేను ఇప్పుడు అననందుకు కారణం ఈ లెక్క. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బంతి కంటే బ్యాటు ఖరీదు 100 రూపాయలు ఎక్కువ. బంతి ఎంత? పది అని నోటికొస్తుంది. బంతి పది అయితే బ్యాటు నూట పది, రెండూ కలిపి నూట ఇరవై అవుతుంది. సరైన జవాబు ఐదు. అమెరికాలో షేన్ ఫ్రెడరిక్ డాలర్లలో వేసిన ఈ లెక్కతో పాటు మరో రెండు ప్రశ్నలు కలిపి 3,428 మందికి ఇచ్చి, 2005లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ విద్యార్థులే. మూడూ సరిగా చేసినవాళ్లు 17 శాతం. ఒక్కటీ చేయలేనివాళ్లు 33 శాతం.

ఇక్కడ మొదట తట్టింది తప్పు, కాస్త ఆగితే ఒప్పు. 28 రోజుల నెలల దగ్గర ఎంత ఆగితే అంత దూరం పోతాం. పైకి రెండూ వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. నేను చూసినంతవరకు మూలం ఒకటే. రెండుచోట్లా మనం ప్రశ్న దగ్గర లేం. ఒకచోట దాన్ని దాటేసి ముందుకు పోయాం, ఇంకోచోట దాన్ని వదిలేసి పక్కకు పోయాం. అందుకే పిల్లలకు ‘తొందరపడకు’ అని గాని, ‘అంత ఆలోచించకు’ అని గాని చెప్పడం మానేశాను. ఆ రెండు మాటలూ చాలా ఏళ్లు చెప్పాను, ఫలితం చూడలేదు. ‘ప్రశ్న నీ మాటల్లో ఒకసారి చెప్పు’ అనడం మొదలుపెట్టాక చూశాను. బంతి లెక్కను తన మాటల్లో చెప్పే పిల్ల, “బంతి కంటే బ్యాటు వంద ఎక్కువ” అన్నచోట తనంతట తానే ఆగుతుంది.

7. అతిగా ఆలోచించేవాడు ఒక్కోసారి మనకంటే దగ్గరగా విన్నవాడు.

ఇది నాకు ఒక గొర్రెల కాపరి నేర్పాడు. రేవు దగ్గర టీ బడ్డీలో కుర్రవాళ్లు కొందరు నా చుట్టూ చేరితే ఆ 17 గొర్రెల ప్రశ్నే వేశాను. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన, తలపాగా, భుజాన గొంగడి, కుర్రవాళ్ల కంటే ముందు నోరు తెరిచాడు.

“ఏం రోగమొచ్చిందండీ మేష్టారూ? నీలినాలుకాండీ?”

కుర్రవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు తొమ్మిదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. ఆయన తల ఊపాడు. “తొమ్మిదేనండి. అది ఇన్నానండి. మిగిలిన తొమ్మిదింటికీ అంటకుండా ఏరే కట్టారా లేదా అని” అన్నాడు.

ఆయన ‘తప్ప’ను సరిగ్గానే విన్నాడు. జవాబు ఆయనకు అంత ముఖ్యంగా తోచలేదు, అంతే. వానాకాలం చివర్లో దోమలాంటి సన్న పురుగుల కాటుతో పాకే నీలినాలుక మందలోకి వస్తే ఏమవుతుందో చూసిన మనిషికి 17లో తొమ్మిది మిగలడం అంకె కాదు. ప్రశ్నలోని గొర్రెల్ని నేనెప్పుడూ గొర్రెలుగా చూడలేదు. చెట్టు మీద పది పిట్టలుంటే ఒకదాన్ని కొట్టాక ఎన్ని ఉంటాయని అడిగినప్పుడు, చప్పుడుకు అన్నీ ఎగిరిపోతాయని మనం గర్వంగా చెప్పే జవాబు కూడా ఇలా లోకాన్ని తోడు తెచ్చుకున్నదే. అక్కడ లోకజ్ఞానం వాడినవాడు గెలిచాడంటాం, గొర్రెల దగ్గర వాడినవాడు ఓడాడంటాం. ఏది ఎప్పుడు వాడాలో ప్రశ్న వేసేవాడే నిర్ణయిస్తాడు. ఆ అధికారం చేతిలో ఉన్నవాడు ఎదుటివాడి జవాబు విని నవ్వకూడదు. నేను నవ్వాను. ఆ పెద్దాయన టీ డబ్బులిచ్చి, గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు.

8. బరువైన ఆలోచన మధ్యలో తేలిక జవాబు చెప్పడం సాధనతో వస్తుంది.

మనకు దీనికొక విద్యే ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు అక్షరాలు నిషేధిస్తూ పద్యం చెప్పమంటారు, ఒకరు అర్థం పొసగని సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం అల్లమంటారు. వీళ్ల మధ్య అప్రస్తుత ప్రసంగానికి ఒకరుంటారు. పద్యం సగంలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేయడమే ఆయన పని. మీ ఊళ్లో కాకులన్నీ నల్లగానే ఉంటాయా అని అడగవచ్చు, మజ్జిగలో వెన్న పైకే ఎందుకు తేలుతుందని అడగవచ్చు. అవధాని దానికి అక్కడికక్కడే, సభ ఆనందించేలా జవాబు చెప్పి, ఆగిన పాదం ఆగినచోటి నుంచే అందుకోవాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన కాలం నుంచి మన జనం ఈ ఘట్టం కోసమే ముందు వరసల్లో కూర్చుంటూ వచ్చారు. పాండిత్యం ఎంత బరువుగా ఉన్నా తేలిక ప్రశ్నకు తేలిగ్గానే జవాబు చెప్పవచ్చని అక్కడ కళ్లారా చూస్తాం. తిలకాష్ఠం దగ్గర పండితుడికి లేనిది, అవధానికి ఉన్నది ఈ సాధనే.

బడిలోనూ ఈ సాధన పెట్టవచ్చు. యువ టీచర్లను నేను కోరేది ఇదొక్కటే. యూనిట్ పరీక్షలో ప్రతిసారీ ఒక ప్రశ్న జవాబు లేనిదిగానో, అక్కర్లేని అంకె కలిపినదిగానో పెట్టండి. ‘ఈ వివరం ఇవ్వలేదు’ అని రాసినవారికి పూర్తి మార్కులు వేయండి, ఏ వివరమో పేరు పెట్టి రాస్తేనే. ‘చేయలేము’ అని ఊరికే వదిలేసినవారికి వేయకండి, అది వేరే అలవాటవుతుంది. అలాంటి ప్రశ్న ఒకటుంటుందని ఏడాది మొదట్లోనే పిల్లలకు చెప్పేయండి. ఇది ఉచ్చు కాదు, వాళ్లను పట్టుకోవడానికి పెట్టినది కాదు. మీరు అనుకోకుండా తప్పు ప్రశ్న ఇచ్చి, ఒక పిల్ల వేలు పెట్టి చూపించిన రోజున ఆ తప్పు మీదేనని క్లాసు ముందు చెప్పి, ఆమె మార్కులు ఆమెకివ్వండి. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చే పిల్లలకు నేనిదే చేస్తున్నాను. మొదట్లో బెదిరారు. జవాబు రాకపోతే మోకాళ్ల మీద నిలబెట్టే బడి నుంచి వచ్చినవాళ్లున్నారు. ఇప్పుడు ప్రశ్న ఇవ్వగానే కలం తీయరు. పెదాలు కదుపుతూ మొదటి నుంచి చదువుతారు.

ఒక్క జాగ్రత్త. ఆ ప్రశ్నను ఎప్పుడూ ఒకే నంబరులో పెట్టకండి. ఐదో ప్రశ్నకు జవాబుండదని పిల్లలు రెండు పరీక్షల్లో పసిగట్టేస్తారు. ఆ తర్వాత అదీ ఒక మోడల్ అయిపోతుంది.